మేకలు ఎవరు కాస్తారు? థార్ ఎడారిలో ఒక రాయికా అమ్మాయి కేసు

ఈ కేసు రాజస్థాన్ పడమటి కొసన, జైసల్మేర్ జిల్లా ఫతేగఢ్ తహసీల్‌లోని ఒక ఢాణీది. ఢాణీ అంటే ఊరికి దూరంగా, ఇసుక నేలల మధ్య ఐదారు ఇళ్లు ఒకచోట కట్టుకున్న చిన్న నివాసం. కుటుంబం రాయికాలు. వీళ్లనే రెబారీలు అని కూడా అంటారు. తరతరాలుగా ఒంటెలు మేపి బతికినవాళ్లు. మా దృష్టికి వచ్చేసరికి అమ్మాయికి 12 ఏళ్లు, బడి మానేసి మూడేళ్లు. పేర్లు ఎక్కడా రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నేను ఇక్కడ పిల్లల కేసులు చూసే సోషల్ వర్కర్‌ని. అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు కురుబ, గొల్ల కుటుంబాలతో పనిచేసే స్నేహితులు ఫోన్ చేసినప్పుడల్లా ఒకే మాట అడుగుతారు: "ఎలాగో తిప్పలు పడి బడిలో వేస్తాం, రెండు నెలలకి మళ్లీ మంద వెనకాలే కనబడుతుంది, ఏం చేయాలి?" ఈ కేసును ఇంత వివరంగా రాయడం వాళ్ల కోసమే. ఇందులో ఒక కల ఉంది, దాని గురించి చెప్తాను. అయితే కేసును నడిపింది మాత్రం మేకల లెక్కే.

కేసు ఎలా వచ్చింది

2023 వేసవిలో, బడులు తెరిచే ముందు ఇంటింటి సర్వే జరిగింది. ఫారంలో "బడి మానడానికి కారణం" అన్న గడిలో ఈ అమ్మాయికి "ఆసక్తి లేదు" అని రాసి ఉంది. ఆ మాట కనబడితే నేను ఆ ఇంటికి ముందుగా వెళ్తాను. సాధారణంగా దానర్థం, పిల్లని అడగలేదు, గడప దగ్గర నిలబడ్డ పెద్దవాళ్లని అడిగి రాసుకున్నారని. పిల్ల ఆ టైమ్‌లో ఇంట్లో ఉంటే కదా అడగడానికి!

కరోనాకి బడి మూసేనాటికి మూడో తరగతి. తెరిచాక తమ్ముడు వెళ్లాడు, ఈ పిల్ల వెళ్లలేదు. రిజిస్టర్‌లో పేరు కొన్నాళ్లు ఉండి తర్వాత పోయింది.

ఇంటి పరిస్థితి

అమ్మాయి తాతకి ఒకప్పుడు నలభై ఒంటెల దాకా ఉండేవి. ఒంటెను పార్వతీదేవి మట్టితో చేసిందని, దాన్ని కాయడానికే శివుడు మొదటి రాయికాను పుట్టించాడని వీళ్ల కథ. పాత కట్టుబాటు ప్రకారం పాలు అమ్మరు, మాంసానికి ఇవ్వరు. రాబడల్లా మగ ఒంటెల అమ్మకం మీద. బండికీ పొలానికీ ఒంటె అక్కర్లేని కాలం వచ్చేసరికి ఆ రాబడి సన్నగిల్లుతూనే ఉంది. 2014లో ప్రభుత్వం ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. 2015లో వధనూ, రాష్ట్రం బయటికి తరలించడాన్నీ కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. ఉద్దేశం ఒంటెను కాపాడటం. సంతల్లో బయటి రాష్ట్రాల కొనుగోలుదారులు తగ్గి ధర పడిపోయింది, మేపేవాడు మందను వదిలించుకున్నాడు. దేశంలో 2012 పశుగణనలో సుమారు 4 లక్షలున్న ఒంటెలు 2019కి రెండున్నర లక్షలకి దిగాయి. ఈ ఇంట్లో మూడు ఆడ ఒంటెలు మిగిలాయి, అరవై దాకా మేకలు, గొర్రెలు.

ఒంటెలు పోయాక తండ్రి జోధ్‌పూర్ ఇసుకరాయి గనులకి పోయాడు. పదేళ్లు రాయి కొట్టాడు. తర్వాత దగ్గు, ఆయాసం. రెండుసార్లు టీబీ మందులు వాడించారు, తగ్గలేదు. మేము చూసేనాటికి ఆయన వయసు నలభై లోపే. నీళ్ల బిందె ఎత్తితే కూర్చుండిపోయేవాడు. గనుల్లో పనిచేసినవాళ్ల ఇళ్లలో ఈ కథ వింటే మాకు మొదట తట్టేది సిలికోసిస్. రాతిదుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుని మచ్చలు కట్టే జబ్బు ఇది. నయం కాదు. దీనికి తోడు టీబీ పట్టే అవకాశం కూడా ఎక్కువ కాబట్టి రెండూ కలిసిపోయి తేల్చడం ఆలస్యమవుతుంది.

దీని మీద అప్పు. తాత పోయినప్పుడు మౌసర్ పెట్టారు, అంటే చావు భోజనం. చుట్టుపక్కల కులమంతటినీ పిలవాలి. రాజస్థాన్‌లో దీన్ని నిషేధిస్తూ 1960లోనే చట్టం ఉంది. పెట్టకపోతే మాత్రం ఊళ్లో తలెత్తుకోలేరు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు, నాలుగేళ్లయినా అసలు కదల్లేదు.

తల్లి కూలికీ, ఆసుపత్రికీ తిరుగుతుంది. నానమ్మకి చూపు మందగించింది. బాబాయి, ఇక్కడి వాళ్ల మాటలో కాకా, పక్క ఇంట్లోనే వేరు కాపురం. తమ్ముడికి 9, చెల్లెలికి 6. మంద వెనక వెళ్లగలిగే మనిషి ఈ అమ్మాయి ఒక్కతే.

పెంటికలతో లెక్క

పిల్లల పని తెలుసుకోవడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇసుకలో ఒక గీత గీస్తాం. ఒక కొస పొద్దు పొడుపు, రెండో కొస నిద్ర. ఏ పనికి ఎంతసేపు పడుతుందో గింజలో రాళ్లో పెట్టమంటాం. ఈ పిల్ల చుట్టూ చూసి, గుప్పెడు మేక పెంటికలు ఏరుకొచ్చి వరసగా పేర్చింది. టాంకా నుంచి నీళ్లు తోడటానికి రెండు. టాంకా అంటే వాననీళ్లు దాచుకునే నేలతొట్టి. పాలు పితకడానికి, పిల్లల్ని తల్లుల దగ్గరకి వదలడానికి రెండు. తర్వాత మందకి పెడుతూ పెడుతూ గుప్పెడూ అయిపోయింది. లేచి వెళ్లి ఇంకో గుప్పెడు తెచ్చింది. ఆటకి ఎన్ని అని అడిగితే కాసేపు ఆలోచించి, మంద కుప్పలోంచే నాలుగు తీసి పక్కన పెట్టింది. "ఇవి కూడా మేకల దగ్గరే, కానీ ఆట" అంది.

ఆ గీత ఫొటో తీసి ఫైల్‌లో పెట్టాను. తర్వాత కుటుంబంతో ఏం మాట్లాడినా ఆ ఫొటో మధ్యలో పెట్టుకునే మాట్లాడాం.

చదువు అంచనా కూడా అప్పుడే చేశాం. ఇంట్లో మార్వాడీ, పుస్తకం హిందీ. రెండో తరగతి పాఠం కూడబలుక్కుని చదివింది. నోటి లెక్క మాత్రం చురుకు. మంద తిరిగొచ్చేటప్పుడు లెక్కపెట్టదు, చూసి "ఒకటి తక్కువ, చెవి చీలిన దాని పిల్ల" అంటుంది. ఎనిమిది వందల చొప్పున ఏడు మేకపిల్లలు అమ్మితే ఎంతో ఊపిరి పీల్చేలోపు చెప్పింది. అదే లెక్క కాగితం మీద రాసిస్తే పెన్సిల్ కదల్లేదు.

తలుపు లోపల ఏముంది

పెద్దయ్యాక ఏమవుతావు అని నేను పిల్లల్ని అడగను. దానికి మూడే జవాబులొస్తాయి: డాక్టర్, టీచర్, పోలీస్. మూడూ మనల్ని సంతోషపెట్టడానికి చెప్పేవే. రోజూ చూసేవాటిలో దేని గురించి తెలుసుకోవాలని ఉందో అడుగుతాను.

ఆమె గడ్డంతో చూపించింది. కిలోమీటరు దూరంలో గాలిమరలు. ఇక్కడ వాటిని పంఖా అంటారు.

"దీదీ, కింద తలుపుంది కదా, దాని లోపల ఏముంటుంది?"

మధ్యాహ్నం మేకల్ని అక్కడికే తోలుతుంది. ఆ చుట్టుపక్కల చెట్టు లేదు. గాలిమర స్తంభం నీడ నేల మీద సన్నటి పట్టీలా పడుతుంది, మేకలు ఒకదాని వెనక ఒకటి ఆ పట్టీలోనే వరసగా నిలబడతాయి. నీడ జరిగితే వరసా జరుగుతుంది, దాంతోపాటు ఈ పిల్లా జరుగుతుంది. అలా కూర్చుని మూడేళ్లుగా చూస్తోంది. తెల్ల జీపులో మనుషులు వస్తారు, నడుముకి బెల్టులు బిగించుకుంటారు, మెట్లెక్కి తలుపు తీసుకుని లోపలికి పోతారు, నీడ చాలా దూరం జరిగాక గానీ బయటికి రారు. ఏ పంఖా ఎప్పుడు ఆగిందో ఆమెకి గుర్తు. ఒకదాంట్లో ఖట్‌ఖట్ మని చప్పుడు మొదలైన రెండు రోజులకి జీపు వచ్చిందట. "నేను ముందే చెప్పేదాన్ని, ఎవరూ అడగలేదు" అంది.

లోపల నిచ్చెన ఉంటుందా? పైకెళ్తే తల తిరుగుతుందా? పై నుంచి చూస్తే తప్పిపోయిన ఒంటె కనబడుతుందా? ఈ చివరి ప్రశ్న ఆమెకి చాలా ముఖ్యం. ఒంటెల్ని ఇక్కడ వారాల తరబడి వదిలేస్తారు, తర్వాత అడుగుజాడలు పట్టుకుని వెతుకుతారు. తాత తన ఒంటె అడుగును వందలో పోల్చేవాడట. ఈమెకీ కొంత వచ్చు.

తండ్రికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు. "మా ఓరణ్‌ని మింగింది ఆ పంఖాలే. నా కూతురు దాన్నే ఎక్కుతానంటోందా?" అన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఓరణ్ అంటే దేవుడి పేర వదిలిన మేత భూమి. కొమ్మ నరకరు, దున్నరు, ఎవరి పశువైనా మేయవచ్చు. ఖేజడీ, కేర్, బోర్డీ, సేవణ్ గడ్డి అన్నీ అందులోనే. ఖేజడీ మన జమ్మి చెట్టే. తెలంగాణకీ రాజస్థాన్‌కీ ఇదే రాష్ట్ర వృక్షం. ఏడాదికి రెండొందల మిల్లీమీటర్ల వాన కూడా పడని జిల్లాలో మేకకీ ఒంటెకీ ఓరణే బతుకు. కానీ రెవెన్యూ రికార్డుల్లో చాలా ఓరణ్‌లు ఉత్త ప్రభుత్వ బంజరుగా ఉండిపోయాయి. 2001 నుంచి గాలిమరలు, తర్వాత సోలార్ పార్కులు ఆ బంజరు మీదే వచ్చాయి. గాలిమర కింద మేక మేస్తుంది. సోలార్‌కి చుట్టూ కంచె పడుతుంది, మంద దారీ వాననీరు పారే దారీ రెండూ తెగుతాయి. ఓరణ్‌లను గుర్తించి అడవుల కింద చూడాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో చెప్పింది. దాని ఫలితం ఈ ఢాణీ దాకా ఇంకా రాలేదు. ఉద్యోగాల మాటా అంతే. స్థానికులకి దొరికేది ఎక్కువగా వాచ్‌మన్ పని, ప్యానెళ్లు కడిగే పని.

అంటే తండ్రి కోపంలో న్యాయముంది. అదే సమయంలో, ఆ పిల్ల పుట్టేనాటికే గాలిమరలు ఉన్నాయి. ఆమెకి అవి ఊరిలో భాగం. అనంతపురం వైపు రామగిరి దగ్గర మరల కింద గొర్రెలు మేపే మన పిల్లలకి ఎలాగో అలాగే. తండ్రి పోగొట్టుకున్నదాన్నీ, కూతురు కోరుకున్నదాన్నీ తూకం వేసి ఏది ఒప్పో తేల్చడం నా పని కాదనుకున్నాను. "కల కోసం పోరాడుతున్న బాలిక" అని ఫొటో పెట్టి విరాళాల కరపత్రం వేయడం అంతకన్నా కాదు. ఆ ఆలోచన మా ఆఫీసులో రాకపోలేదు. ఫైల్‌లో నేను రాసుకున్నది ఇంతే: ఈ పిల్ల యంత్రాన్ని చప్పుడుతో గుర్తుపడుతుంది, దీర్ఘంగా గమనిస్తుంది, ఎత్తుకి భయపడటం లేదు. దారి: పదో తరగతి, తర్వాత ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్.

ఆ దారి చెప్పినప్పుడు తండ్రి ఒక్కటే అడిగాడు: "జీతం నెలనెలా పడుతుందా?"

కుండమార్పిడి ముడి

మన ఊళ్లలో కుండమార్పిడి పెళ్లి అంటారే, దాన్ని ఇక్కడ ఆటా-సాటా అంటారు. కాకా భార్య ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇంటి అబ్బాయికి ఈ అమ్మాయిని ఇస్తామని, ఆమెకి ఐదేళ్లున్నప్పుడే సగాయి, అంటే నిశ్చితార్థం, చేశారు. ఈ సంబంధం చెడితే వాళ్లు తమ కూతుర్ని, అంటే కాకీని, పుట్టింటికి తీసుకుపోతారు. ఆమెకి ఇద్దరు చిన్నపిల్లలు. కాబట్టి అమ్మాయి పెళ్లి గురించి మాట్లాడటమంటే కాకా కాపురం గురించి మాట్లాడటం. కొత్తగా చేరిన వర్కర్లు ఇది చూసుకోకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తారు. పెళ్లి ఆ రోజుకి ఆగుతుంది, ఇల్లు మాత్రం మనకి శాశ్వతంగా మూసుకుపోతుంది. పెళ్లి నిజంగా జరుగుతుంటే ఫోన్ చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. సగాయి దశలో మాత్రం చట్టాన్ని జేబులో ఉంచుకుని మాట్లాడటం మేలని నా అభిప్రాయం.

2024 ఏప్రిల్‌లో కబురొచ్చింది. అక్షయ తృతీయ మే 10న. ఇక్కడ ఆఖా తీజ్ అంటారు, ముహూర్తం చూడక్కర్లేని రోజు. బంధువుల ఇంట్లో పెద్దమ్మాయి పెళ్లి ఉంది. అదే పందిట్లో ఈమెనీ కూర్చోబెడితే భోజనాల ఖర్చు కలిసొస్తుందని పెద్దవాళ్ల ఆలోచన. గౌనా, అంటే అత్తారింటికి పంపడం, ఎలాగూ తర్వాతే కదా, పిల్ల ఇంట్లోనే ఉంటుంది కదా అన్నది వాళ్ల వాదన. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ముందు ఆ వాదన నిలవదు. పెళ్లి జరిగితే జరిగినట్టే.

అదృష్టం కొద్దీ ఆ మే 1నే రాజస్థాన్ హైకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. బాల్యవివాహం జరిగితే సర్పంచ్, పంచాయతీ సభ్యులు బాధ్యులవుతారని. ఆ కాగితం హిందీ ప్రతి పట్టుకుని సర్పంచ్ దగ్గరకి వెళ్లాం. ఆయన పిల్లల హక్కుల వీరుడేం కాదు. పదవి అంటే ప్రేమ. రెండు కుటుంబాల పెద్దల్నీ పిలిచి, "మీ పందిరి మీ ఇష్టం, కానీ నా కుర్చీ కిందకి నీళ్లు తేవద్దు" అన్నాడు. పెళ్లివారికి కావలసింది కూడా అదే, తలవంపు లేకుండా వెనక్కి తగ్గడానికి ఒక సాకు. "మేం వద్దనలేదు, సర్పంచ్ ఒప్పుకోలేదు" అని చెప్పుకోగలిగారు. సగాయి అలాగే ఉంది, 18 నిండేదాకా పెళ్లి మాట ఎత్తమని పంచాయతీ పెద్దల ముందు నోటిమాటగా ఒప్పుకున్నారు. నోటిమాట అన్న సంగతి ఫైల్‌లో ఎర్ర పెన్నుతో ఉంది.

డబ్బు, పని

ఈలోగా తండ్రి కాగితాలు నడుస్తున్నాయి. రాజస్థాన్‌కి 2019 నుంచి సిలికోసిస్ మీద ప్రత్యేక విధానం ఉంది. ఈ-మిత్ర కేంద్రంలో (మన మీసేవ లాంటిది) దరఖాస్తు, ఎక్స్‌రే, వైద్యుల బోర్డు, సర్టిఫికెట్. సర్టిఫికెట్ వస్తే 3 లక్షలు, మనిషి పోతే కుటుంబానికి మరో 2 లక్షలు, నెలనెలా పింఛను. వరసగా రాస్తే సులువుగానే కనబడుతుంది. జన్ ఆధార్‌లో, అంటే రాజస్థాన్ ప్రభుత్వం ఇచ్చే కుటుంబ కార్డులో, ఆయన పుట్టిన సంవత్సరం ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. దాన్ని సరిచేయించేసరికి చలికాలం వచ్చింది. గనిలో పనిచేసినట్టు రుజువు లేదు, ఏ యజమానీ చీటీ ఇవ్వడు. బోర్డు ముందు ఎక్స్‌రేనే మాట్లాడింది.

డబ్బు 2024 వసంతంలో పడింది. కాకా ఇంకో ఇరవై గొర్రెలు కొందామన్నాడు. ఇరవై గొర్రెలంటే అమ్మాయి గీతలో ఇంకో గుప్పెడు పెంటికలు. ఆ ఫొటో తీసి చూపించింది నేను కాదు, తల్లి. ముందు అప్పు తీర్చాలని ఆమె పట్టుబట్టింది. తీర్చారు.

రెండోది పాలన్‌హార్ పథకం. అనాథలకీ, వితంతువుల పిల్లలకీ ఇచ్చే నెలవారీ సాయం సిలికోసిస్ రోగుల పిల్లలకి కూడా వర్తిస్తుంది. షరతు ఒకటే, పిల్లలు అంగన్‌వాడీకో బడికో వెళ్తుండాలి, ఏటా చదువు సర్టిఫికెట్ ఇవ్వాలి. ముగ్గురు పిల్లలకీ పెట్టించాం. ముగ్గురూ అన్నది ముఖ్యం. పెద్దపిల్లని బడికి పంపి చేతులు దులుపుకుంటే కర్ర చెల్లెలి చేతికి మారుతుంది. అలాంటి "విజయాలు" మా జిల్లా రిపోర్టుల్లో బోలెడున్నాయి.

అసలు ప్రశ్న మిగిలే ఉంది. మేకలు ఎవరు కాస్తారు? మేకపోతుల్ని జూన్‌లో బక్రీద్‌కి ముందు, మంచి ధర ఉన్నప్పుడు అమ్మేశారు. మంద ముప్పై అయిదుకి దిగింది. మిగిలినవాటికి తలకింత అని నెలజీతం మీద పక్క ఢాణీ గ్వాలాని, అంటే పశువుల కాపరిని, పెట్టారు. జులైలో అమ్మాయి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో, హాస్టల్‌తో సహా, ఆరో తరగతిలో చేరింది. మన దగ్గరి కస్తూర్బా బడులే ఇక్కడా. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకి తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడ్డ చదువుకి విడిగా శిక్షణ ఇవ్వాలి. అలా చేరిన పిల్లకి 14 దాటినా ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఉచిత చదువు హక్కు ఉంటుంది. ఈ రెండో భాగం చాలామంది హెడ్మాస్టర్లకి తెలియదు. వెళ్లేటప్పుడు చట్టం ప్రతి తీసుకెళ్లండి.

హాస్టల్‌లో

మొదటి నెల నిద్రపట్టలేదు. పుట్టినప్పటి నుంచి వేసవంతా ఆరుబయట పడుకున్న పిల్ల, పైకప్పు కింద ఇరవై మంది మధ్య. సజ్జరొట్టె లేదు, ఒంటెపాల టీ లేదు. ఇవి చిన్న విషయాల్లా కనబడతాయి గానీ, పిల్లలు గోడ దూకి పారిపోయేది ఇలాంటివాటికే. వార్డెన్ మంచావిడ. వరండాలో పడుకోనిచ్చింది. శనివారం శనివారం తల్లితో ఫోన్ మాట్లాడించింది. ఫోన్లో మొదటి పది నిమిషాలూ మేకల క్షేమసమాచారాలేనట.

దీపావళికి ఇంటికి వెళ్లి బాగానే తిరిగొచ్చింది. జనవరిలో తండ్రికి ఊపిరాడక జోధ్‌పూర్ ఆసుపత్రిలో చేర్చారు, తల్లి ఆయన దగ్గరే ఉండిపోయింది. ఫిబ్రవరిలో జీలకర్ర కోతలు మొదలయ్యాయి, గ్వాలా ఎక్కువ కూలి వస్తుందని అటు పోయాడు. మేకలు ఈనే రోజులు. అమ్మాయిని ఎవరూ రమ్మనలేదు. తానే వార్డెన్‌కి చెప్పి వెళ్లిపోయి, కర్ర పట్టుకుంది.

ఏడు వారాలు బడికి రాలేదు. టెన్షన్ పడాల్సిన సమయం అది. పేరు కొట్టేస్తే పాలన్‌హార్ ఆగుతుంది, హాస్టల్ సీటు పోతుంది, పెళ్లి మాట మళ్లీ లేస్తుంది. బడితో మాట్లాడి పేరు నిలబెట్టించాం. అమ్మాయికి మాత్రం ఎవరూ క్లాసు పీకలేదు. పీకొద్దని నేనే అందరికీ చెప్పాను. ఆ ఇంట్లో ఆ వారం అంతకన్నా సబబైన పని చేయగలిగినవాళ్లు ఎవరూ లేరు.

దారి చూపించింది నానమ్మ. "జీతగాడు జీతం ఉన్నన్నాళ్లే. పాలుకిస్తే వాడి మేకలవుతాయి" అంది. మన దగ్గర మేకల్ని పాలుకిచ్చే, అంటే పుట్టే పిల్లల్లో వాటాకి ఇచ్చే, పద్ధతే ఇది. మంద కాకాకి అప్పగించారు. పుట్టిన పిల్లల్లో సగం ఆయనవి, మేకపాలు రెండిళ్లకీ. కాకా ఇలా మంద మీద హక్కుదారు అయ్యేసరికి ఆయన లెక్క మారింది. అమ్మాయి ఇంటికొచ్చేస్తే మంద తిరిగి అన్న ఇంటికి పోతుంది. ఆమె చదువుకుంటున్నంత కాలం సగం పిల్లలు తనవి. కాకీ కూడా తన పుట్టింట్లో "ఇప్పుడప్పుడే కదిలించకండి" అని చెప్పిందని తర్వాత తెలిసింది. మేం రాసిన ప్రణాళిక నెలజీతం మీద నిలబడింది, ఒక్క కోతల సీజన్‌కి కూలిపోయింది. నానమ్మది ఇప్పటికి నిలబడే ఉంది.

కల సంగతి

గాలిమర లోపల చూపించడానికి ఒక కంపెనీని అనుమతి అడిగాం. భద్రత కారణాలు చెప్పి ఒప్పుకోలేదు. పక్క ఊరి కుర్రాడొకడు ఎలక్ట్రీషియన్‌గా మరల దగ్గర పనిచేస్తాడు. సెలవు రోజున హాస్టల్‌కి వచ్చి ఫోన్‌లో నిచ్చెన వీడియో చూపించాడు. లోపల గుండ్రటి గోడ, గోడకి కేబుళ్లు, నిచ్చెన పైకి పైకి పోతూనే ఉంటుంది. ఆడపిల్లలందరూ చుట్టూ మూగారు. మా అమ్మాయి వీడియో రెండుసార్లు చూసి అడిగింది: "పైన ఉన్నప్పుడు ఒంటేలుకొస్తే?" అందరూ పగలబడి నవ్వారు. అతను నవ్వకుండా నిజం చెప్పాడు. సీసా తీసుకెళ్తారట. ఆడవాళ్లు ఎక్కుతారా అంటే, తను పనిచేసే చోట ఎవరూ లేరన్నాడు. ఆమె తల ఊపి ఊరుకుంది. మరుసటి వారం సైన్స్ టీచర్‌ని కరెంటు తీగలోకి ఎలా వస్తుందని అడిగిందట. అయస్కాంతం, తీగచుట్టతో టీచర్ చేసి చూపించింది.

ఈ మధ్య ఒకసారి మేకల డాక్టర్ అవుతానంది, ఇంకోసారి మళ్లీ పంఖా. మేం దేన్నీ పట్టుకు వేలాడటం లేదు. రెండింటికీ ముందు పదో తరగతి ఉంది.

ఇప్పుడు

ఏడో తరగతి చదువుతోంది. హిందీ తడబడకుండా చదువుతుంది. గణితంలో భాగహారం కాగితం మీద కూడా వస్తోంది. తండ్రికి ఇంట్లో ఆక్సిజన్ పెట్టాల్సి వస్తోంది. చెల్లెలు, తమ్ముడు ఊరి బడికి పోతున్నారు. చెల్లెలి హాజరు ఎండాకాలంలో తగ్గుతుంది, దాన్ని నెలనెలా చూస్తున్నాం.

ఈ కస్తూర్బాలో ఎనిమిది వరకే ఉంది. తొమ్మిదికి హాస్టల్ ఉన్న బడి దగ్గరలో ఎక్కడుందో ఇప్పుడే వెతకాలి, అప్పటికి ఆమెకి పదహారు వస్తుంది, సగాయి ఇంటివాళ్లు నోటిమాటను ఎంతకాలం గుర్తుంచుకుంటారో చూడాలి. పాలన్‌హార్ చదువు సర్టిఫికెట్లు జులైలో మళ్లీ ఇవ్వాలి. కాకాకి పాలుకిచ్చిన ఒప్పందం మూడు ఈతల వరకే. ఆ తర్వాత వాటా పెంచమంటాడని తల్లి ముందే చెప్తోంది. పెంచాల్సిందేనని నేనూ అనుకుంటున్నాను. ఫైల్ తెరిచే ఉంది.